బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందులో సైకిల్ దూర్చకండి

మీరు రాసినదాన్ని బట్టి జరిగింది ఇదీ. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ ఆఫీసుకి కొత్తగా సైకిల్ మీద వెళ్తున్నారు. జేఎన్‌టీయూ దాటాక ఒక స్టాపులో ఆర్టీసీ బస్సు ఆగింది. బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య కొంచెం సందు కనిపిస్తే అందులోంచి ముందుకి పోయారు. అప్పుడే దిగిన ఒక పెద్దావిడకి మీ హ్యాండిల్ తగిలింది. పక్కనున్న కుర్రాడు పట్టుకోబట్టి ఆవిడ కింద పడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు మిమ్మల్ని తిట్టారు. "చూసుకోకుండా దిగింది ఆవిడ. ఎడమ పక్కన వెళ్ళమనేగా సైకిల్ వాళ్ళకి చెప్తారు. తప్పెవరిది?" అని అడిగారు. దాంతోపాటు ఫుట్‌పాత్ మీద తొక్కొచ్చా, యూటర్న్ తప్పించుకోవడానికి కొంచెం దూరం రాంగ్ రూట్‌లో వెళ్తే ఏమవుతుంది, బెల్లు కొట్టినా జనం ఎందుకు తప్పుకోరు అని కూడా అడిగారు.

మొదటిదానికి జవాబు: తప్పు మీదే. దీన్ని మెత్తగా చెప్పి లాభం లేదు. మీరు మంచివారే, ఆవిడ గురించి బాధపడ్డారు కాబట్టే ఇంత వివరంగా రాశారు. కానీ ఆ సందులోకి వెళ్ళాలన్న నిర్ణయం తీసుకున్నప్పుడే ప్రమాదం మొదలైపోయింది. ఆ తర్వాత ఆవిడ చూసినా చూడకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు.

నేను చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లో సైకిల్ మీదే పనికి వెళ్ళి వస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి వీలైనప్పుడు పక్కన ఉండి రోడ్డు అలవాటు చేస్తుంటాను. వాళ్ళ భయమంతా వెనకనుంచి వచ్చేదాని గురించే. బస్సు గుద్దుతుందేమో, లారీ రాసుకుంటుందేమో, కారువాడు తలుపు తీస్తాడేమో అని. ఆ భయం సబబే. కానీ ముందు నడుస్తున్న మనిషికి మనమే బండి అన్న సంగతి ఎవరికీ తట్టదు. కారు ముందు మనం చిన్నవాళ్ళం కాబట్టి అందరి ముందూ చిన్నవాళ్ళమే అనుకుంటాం. మనిషి, సైకిల్, బ్యాగు, అందులో లాప్‌టాప్ కలిపి 80, 90 కిలోల బరువు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, అరవై ఐదేళ్ళ మనిషికి అది చిన్న విషయం కాదు. గట్టిగా గుద్దక్కర్లేదు. భుజానికి హ్యాండిల్ తగిలి పక్కకి పడితే చాలు, తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో తుంటి విరిగితే ఆపరేషన్, నెలల తరబడి మంచం, కొందరికి ఆ తర్వాత మళ్ళీ సొంతంగా నడక ఉండదు.

ఇప్పుడు ఆ బస్సు తలుపు దగ్గర ఏం జరుగుతుందో ఒకసారి ఆవిడ వైపు నుంచి చూడండి. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుంటారు, ఇంకో చేతిలో సంచీ. తల వంచి, కాలు నేలకి ఎక్కడ ఆనుతుందా అని చూసుకుంటూ దిగుతారు. వెనకనుంచి "దిగండమ్మా, దిగండి" అని తొందర. ఆవిడ మొహం ఫుట్‌పాత్ వైపు ఉంటుంది, మీరు వచ్చేది ఆవిడ ఎడమ పక్కనుంచి. తల తలుపు బయటికి వచ్చేదాకా అటు పక్క ఆవిడకి బస్సు రేకు తప్ప ఏమీ కనిపించదు. తల బయటికి వచ్చేసరికి కాలు అప్పటికే కింద ఉంటుంది. మీకూ అంతే, తలుపులోంచి ఎవరు దిగబోతున్నారో కనిపించదు. ఇద్దరికీ కనిపించని చోట ఒకరు బండి మీద ఉన్నారు, ఒకరు సంచీతో ఉన్నారు. ఆగాల్సింది ఎవరో చెప్పక్కర్లేదు కదా. దీనికి తోడు, బస్సు స్టాపుకి దూరంగా ఆగిందని ఎక్కేవాళ్ళు కూడా బోర్డు చూసుకుంటూ ఆ సందులోకే పరిగెత్తుకొస్తారు.

అందుకని ఆగిన బస్సుకి ఎడమ పక్కన ఎప్పుడూ వెళ్ళకండి. సందు ఎంత పెద్దదైనా సరే. బస్సు వెనక నాలుగైదు మీటర్ల దూరంలో ఆగండి. ఆ పొగ పీల్చడం ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా అర నిమిషంలో బస్సు కదులుతుంది. బాగా అలవాటైన తర్వాత, వెనక్కి తిరిగి చూసి, చెయ్యి చూపించి, కుడి పక్కనుంచి దాటడం నేర్చుకోవచ్చు. మీకు ఇంకా కొత్త కాబట్టి ప్రస్తుతానికి ఆగడమే మంచిది. షేర్ ఆటోలకీ ఇదే వర్తిస్తుంది. అవైతే స్టాపు కూడా లేకుండా ఎక్కడపడితే అక్కడ ఆగుతాయి. ముందు వెళ్తున్న ఆటో ఎడమకి జరుగుతోందంటే ఎవరో దిగబోతున్నారనే అనుకోండి.

బెల్లు సంగతికి వస్తాను, ఎందుకంటే అసలు విషయం అందులోనే ఉంది. మన ఊళ్ళో రోడ్డు దాటేవాళ్ళు సగం కళ్ళతో, సగం చెవులతో దాటుతారు. ఇంజిన్ చప్పుడు, హారన్, బస్సు గేరు మార్చిన మోత, వీటన్నిటినీ బట్టి ఎటునుంచి ఏం వస్తోందో, ఎంత దగ్గరికొచ్చిందో ఒక అంచనాకి వస్తారు. చిన్నప్పటినుంచీ అలవాటైన లెక్క అది. సైకిల్ ఆ లెక్కలో ఉండదు. చప్పుడు లేకుండా వస్తుంది. కళ్ళు దూరంగా వస్తున్న లారీ మీద ఉంటే, దగ్గర్లో ఉన్న మీరు ఆవిడకి లేనట్టే. ఈ మధ్య వీధుల్లో ఎక్కువగా తిరుగుతున్న బ్యాటరీ సైకిళ్ళతో, డెలివరీ కుర్రాళ్ళు నడిపే చిన్న ఎలక్ట్రిక్ బండ్లతో కూడా ఇదే ఇబ్బంది. పైగా అవి మన సైకిల్ కన్నా బరువు, వేగం కూడా ఎక్కువ.

కాబట్టి "నేను వస్తున్నాను" అని తెలియజేయడం మన పని. బెల్లు పదిహేను, ఇరవై మీటర్ల ముందే కొట్టాలి. ఒకటి రెండుసార్లు చాలు. చాలామంది మూడు మీటర్ల దగ్గరికి వచ్చాక టింగు టింగుమని వాయిస్తారు. అప్పుడు నడిచే మనిషి ఉలిక్కిపడి ఎటు గెంతుతాడో అతనికే తెలియదు, సరిగ్గా మీరు వెళ్ళబోయే వైపే గెంతొచ్చు. దగ్గర్లో ఉన్నప్పుడు బెల్లు కన్నా నోరు నయం. "అమ్మా, వెనకాల సైకిల్ వస్తోంది", "అన్నా, కుడి పక్కనుంచి వెళ్తున్నా" అని మామూలు గొంతుతో అంటే ఎవరూ కంగారుపడరు. చాలామంది తిరిగి చూసి తామే దారిస్తారు. ఎవరూ తప్పుకోకపోతే వేగం తగ్గించి వాళ్ళ వెనకే వెళ్ళండి. చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉన్నవాళ్ళు ఉంటారు, వినపడనివాళ్ళు ఉంటారు, తెల్ల కర్రతో నడిచేవాళ్ళు ఉంటారు. బెల్లు కొట్టినంత మాత్రాన మనకి దారి హక్కు రాదు.

రోడ్డు అడ్డంగా దాటేవాళ్ళ విషయం ఇంకాస్త వివరంగా చెప్పాలి. హైదరాబాద్‌లో చాలా కూడళ్ళు మూసేసి యూటర్న్‌లు పెట్టారు. బండ్లకి సిగ్నల్ దగ్గర ఆగే పని తప్పింది. కానీ నడిచేవాళ్ళకి దాటడానికి సిగ్నలే లేకుండా పోయింది. దాంతో డివైడర్‌లో ఎక్కడ చిన్న ఖాళీ ఉంటే అక్కడ దాటుతారు. ఎలా దాటుతారో గమనించండి. మొత్తం రోడ్డు ఒక్కసారి ఖాళీ అయ్యేదాకా ఆగితే సాయంత్రం అవుతుంది కాబట్టి ఒక్కో లేను దాటుకుంటూ వస్తారు. ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని, ఇంకో చెయ్యి చాపి, లేన్ల మధ్య గీత మీద నిలబడతారు. ముందునుంచీ వెనకనుంచీ బండ్లు పోతుంటాయి. ఆ క్షణంలో వాళ్ళ ధైర్యమంతా ఒక్కటే: వచ్చేవాళ్ళు తిన్నగా వస్తారు, ఉన్నట్టుండి పక్కకి కోయరు అని.

ఆ నమ్మకాన్ని నిలబెట్టేలా తొక్కాలి. మనిషి నడుస్తుంటే వాళ్ళ వెనకనుంచి వెళ్ళండి, ముందునుంచి ఎప్పుడూ వద్దు. దూరంనుంచే ముందు చక్రం వాళ్ళ మడమల వెనక్కి తిప్పి పెట్టుకుంటే మీరు ఎటు వెళ్తున్నారో వాళ్ళకి అర్థమైపోతుంది. మధ్యలో మనసు మార్చుకుని ఎడమకోసారి కుడికోసారి ఊగితే వాళ్ళు బిగుసుకుపోతారు. అలా ఆగిపోయినా, వెనక్కి ఒక అడుగు వేసినా, ఇక లెక్కలు మానేసి మీరు ఆగిపోండి, కాలు కింద పెట్టండి. పిల్లలైతే మొదటినుంచే ఆగాలి. పిల్లాడు సగం దాటాక భయమేస్తే అమ్మ ఉన్నవైపే వెనక్కి పరిగెత్తుతాడు, వెనకనుంచి వెళ్దామనుకున్న మన లెక్క అక్కడ తలకిందులవుతుంది.

వేగం గురించి కొన్ని అంకెలు చెప్తాను, వీటిని గుర్తుపెట్టుకుంటే మంచిది. గంటకి 20 కిలోమీటర్లంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. ఎదురుగా మనిషి వచ్చాడని మెదడుకి తట్టి, వేళ్ళు బ్రేకు నొక్కేసరికి సెకను పోతుంది. మంచి బ్రేకులు ఉండి, రోడ్డు పొడిగా ఉంటే ఇంకో నాలుగైదు మీటర్లకి సైకిల్ ఆగుతుంది. మొత్తం పది మీటర్లు, ఇంచుమించు ఒక బస్సు పొడవు. 15 కిలోమీటర్ల వేగంలో ఇది ఆరేడు మీటర్లకి దిగుతుంది, 10లో నాలుగు మీటర్ల లోపే. 25 అయితే పదమూడు దాటుతుంది. ఇప్పుడు నడిచేవాళ్ళ వైపు చూడండి. మూడున్నర మీటర్ల లేను దాటడానికి మామూలు మనిషికి మూడు సెకన్లు పడితే, పెద్దవాళ్ళకి నాలుగు. ఆ నాలుగు సెకన్లలో 20 మీద వెళ్తున్న మీరు 22 మీటర్లు వచ్చేస్తారు. కాబట్టి బస్‌స్టాపు, బడి, గుడి, రైతుబజారు, మెట్రో మెట్లు, ఆసుపత్రి గేటు, వీటి ముందు 10, 12కి మించొద్దు. వాటికి ముందే చేతివేళ్ళు బ్రేకు లివర్ల మీదికి రావాలి. ఈ ఒక్క అలవాటుతోనే స్పందించే సమయం బాగా తగ్గుతుంది.

ముందు బ్రేకు వాడటానికి మన దగ్గర చాలామందికి భయం, పల్టీ కొడతామని. కొందరు తీసేయిస్తారు కూడా. ఆపే శక్తిలో పెద్ద భాగం దానిదే. బ్రేకు నొక్కగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని సైకిల్ తొక్కుతున్న కుర్రాడు ఒక మహిళని గుద్దితే ఆవిడ తలకి దెబ్బ తగిలి చనిపోయింది. 2017లో అతనికి 18 నెలల శిక్ష పడింది. కాబట్టి రెండు బ్రేకులూ కలిపి, ముందుది మెల్లగా బిగిస్తూ, నడుం కొంచెం వెనక్కి జరిపి ఆగడం ఖాళీ గ్రౌండులో సాధన చేయండి. చక్రం అంచుని పట్టే రబ్బరు బ్రేకులైతే వాన రోజుల్లో మొదట ఆ తడి తుడుచుకుపోవాలి, అప్పటిదాకా సరిగ్గా పట్టవు. వానలో వేగం సగానికి తగ్గించాల్సిందే.

రాంగ్ రూట్ విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది. యూటర్న్ అర కిలోమీటరు అవతల ఉందని మీకు విసుగ్గా ఉండొచ్చు, నాకూ ఉంటుంది. అయినా వద్దు. వన్‌వే వైపు రోడ్డు దాటే మనిషి బండ్లు ఎటునుంచి వస్తాయో అటే చూస్తాడు. అటే చూస్తూ అడుగు ముందుకేస్తాడు. మీరు చప్పుడు లేకుండా అవతలి పక్కనుంచి వస్తారు. పైగా అంచునే వస్తారు, అంటే అతని మొదటి అడుగు పడే చోటనే. మోటార్ సైకిల్ వాళ్ళు కూడా అలాగే వస్తున్నారుగా అంటారేమో. వాళ్ళ చప్పుడన్నా వినపడుతుంది. యూటర్న్ దాకా వెళ్ళే ఓపిక లేకపోతే దిగి, ఫుట్‌పాత్ మీదో అంచునో సైకిల్‌ని నడిపించుకుంటూ వెళ్ళండి. దిగి నడిపిస్తున్నంతసేపూ మీరూ నడిచే మనిషే.

ఫుట్‌పాత్ మీద తొక్కడానికి కూడా జవాబు అదే. తొక్కొద్దు. జనం నడవడానికని ఈ నగరంలో మిగిలిన కాస్త చోటు అది. రోడ్లు ఎలా వేయాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఏ అడ్డూ లేకుండా ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. మన రోడ్ల మీద ఇది ఎంత దూరం ఉందో మీరే చూసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్, పార్క్ చేసిన బండ్లు, టిఫిన్ బండి, తవ్వి వదిలేసిన గుంత. అంచు మోకాలి దాకా ఉంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. నడవడానికి వీలైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలిన ఆ కాస్త చోటులోకి మనమూ చక్రం ఎక్కించకూడదు.

మరి మేమెక్కడ తొక్కాలి అంటే, రోడ్డు అంచుకి ఆనుకుని కాకుండా ఒక మీటరు లోపలికి. ఇది చాలామంది నమ్మరు. పూర్తిగా అంచున తొక్కితే భద్రం అనుకుంటారు. కానీ ఫుట్‌పాత్ దిగి నడిచేవాళ్ళంతా ఆ అంచునే ఉంటారు. ఆగిన కార్ల మధ్యలోంచి మనుషులు బయటికొచ్చేది, తలుపులు తెరుచుకునేది కూడా అక్కడే. మీటరు లోపలికి ఉంటే మీకు వాళ్ళు కనిపిస్తారు, వాళ్ళకి మీరు కనిపిస్తారు, వెనకొచ్చే కారుకి కూడా మీరు తిన్నగా వెళ్తున్నారని తెలుస్తుంది. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. నగరం చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) సర్వీస్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, వారాంతంలో తొక్కడానికి బాగుంటుంది. కానీ కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకి పోయేవాళ్ళకి అది దారిలో రాదు. మీ దారిలో ట్రాక్ వచ్చేదాకా ఇలాగే తొక్కాలి. వీలైతే మెయిన్ రోడ్డు వదిలి కాలనీల లోపలి దారి ఒకటి వెతుక్కోండి. పది నిమిషాలు ఎక్కువ పట్టినా టెన్షన్ సగం తగ్గుతుంది.

"కార్లు జనాన్ని చంపుతుంటే సైకిల్ వాడికి నీతులా?" అని మీ ప్రశ్న కింద ఒకరు రాశారు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్ళలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. రోజుకి దాదాపు 90 మంది. వాళ్ళని చంపింది దాదాపు అంతా మోటారు బండ్లే, ఇందులో వాదన లేదు. కానీ మనం కారువాణ్ణి అడిగేది ఏమిటి? నీ బండి పెద్దది, నా ప్రాణం చిన్నది, నువ్వు చూసుకో అనేగా. నడిచే మనిషి మనల్ని అడిగేదీ అచ్చం అదే. బ్రిటన్‌లో 2022 జనవరిలో హైవే కోడ్ అనే రోడ్డు నియమాల పుస్తకాన్ని మార్చి దీన్నే నియమంగా రాశారు. ఎక్కువ హాని చేయగలిగినవాళ్ళ మీదే ఎక్కువ బాధ్యత, సైకిల్ వాళ్ళకి నడిచేవాళ్ళ పట్ల ఆ బాధ్యత ఉంటుందని అందులో విడిగా చెప్పారు.

చట్టం గురించి క్లుప్తంగా. సైకిల్‌కి లైసెన్సు లేదు కాబట్టి కేసూ ఉండదనుకోవద్దు. భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ ఏ వాహనాన్నైనా ప్రాణాలకి ముప్పు కలిగేలా నడపడం గురించి మాట్లాడుతుంది, ఇంజిన్ ఉండాలని అందులో లేదు. దెబ్బ తగిలితే 125, ప్రాణం పోతే 106. దీనికన్నా ఎక్కువమందికి తెలియని సంగతి ఇంకోటుంది. బైకు గుద్దితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటుంది, దెబ్బ తగిలినవాళ్ళు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్ళి పరిహారం అడగొచ్చు. సైకిల్‌కి ఆ ఇన్సూరెన్స్ లేదు, ఆ ట్రిబ్యునల్ దారీ లేదు. అంటే ఆ పెద్దావిడకి నిజంగా తుంటి విరిగి ఉంటే ఆపరేషన్ ఖర్చు ఆవిడ ఇంటివాళ్ళ మీదైనా పడాలి, మీ జేబులోంచైనా రావాలి.

చీకటి పడ్డాక ఇంటికి వచ్చేటప్పుడు ముందు లైటు మిణుకుమిణుకుమనే మోడ్‌లో పెట్టకండి. ఎదురుగా నడిచేవాళ్ళకి కళ్ళు చెదురుతాయి, మీరు ఎంత దూరంలో ఉన్నారో అంచనా దొరకదు. నిలకడగా వెలిగేలా పెట్టి, వెలుతురు ఎనిమిది, పది మీటర్ల ముందు నేల మీద పడేలా వంచండి. వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడైనా ఎవరికైనా తగిలితే ఏం చేయాలో కూడా తెలిసుండాలి. ముందు సైకిల్ పక్కన పడేసి మనిషి దగ్గరికి వెళ్ళండి. పడినవాళ్ళని వెంటనే చెయ్యి పట్టి లాగి నిలబెట్టకండి, మన జనం కంగారులో చేసే మొదటి పని అదే. వచ్చే బండ్లని ఎవరైనా ఆపుతుండగా, ఎక్కడ నొప్పో అడగండి. కాలు కదపలేకపోతున్నా, ఒక కాలు పొట్టిగా, పక్కకి తిరిగినట్టు కనిపించినా తుంటి విరిగిందని అనుమానించాలి. అలాంటప్పుడు కదపకుండా 108కి ఫోన్ చేయండి. తలకి తగిలితే, బాగానే ఉన్నానన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, రక్తం పలుచబడే మందులు వాడుతున్నారేమో అడిగి డాక్టరుకి చెప్పండి. ఇంటివాళ్ళకి మీరే ఫోన్ చేసి, మీ పేరూ నంబరూ ఇవ్వండి. జనం తిడతారు. ఆ తిట్లకి జవాబు చెప్పే సమయం అది కాదు.

మీరు రోజూ అదే టైముకి వెళ్తున్నారు కాబట్టి ఆ పెద్దావిడ అదే స్టాపులో మళ్ళీ కనిపించొచ్చు. కనిపిస్తే ఆగి, భుజం నొప్పి తగ్గిందా అని అడగండి. తగ్గలేదంటే ఎక్స్‌రే తీయించే బాధ్యత మీరే తీసుకోండి.